పాత కారు ముందు పొగడవలసింది ఎవరిని?

అమెరికాలో, డెట్రాయిట్ ప్రాంతంలో మా ఇంటికి దగ్గరలోని హార్డ్‌వేర్ దుకాణం ముందు, వీధి పక్కన ఆపి ఉన్న 1968 నాటి ప్లిమత్ వాలియంట్ కారును ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పిల్లలు ఎమోజీలతో సరిపెట్టారు. విజయవాడ నుంచి మా మామయ్య మాత్రం పూర్తి వాక్యాలు రాశాడు: "అప్పటి ఇనుము వేరురా అల్లుడూ. ఇప్పుడు వచ్చేవన్నీ రేకు డబ్బాలే." దాని కింద బంధువులందరూ వంతపాడారు. ఒకరు తాతగారి ఫ్యానును గుర్తు చేశారు, ఇంకొకరు అమ్మమ్మ ఇత్తడి బిందెను.

మామయ్య ఈ మాట అనడమే నాకు మింగుడుపడలేదు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషి. రాత్రి బస్సు గ్యారేజీకి చేరిన దగ్గర్నుంచి తెల్లవారి మొదటి ట్రిప్పుకు బయలుదేరేదాకా దాని కిందా పైనా ఎన్ని చేతులు పడతాయో ఆయనకు తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్సు లక్షల కిలోమీటర్లు తిరగడానికి కారణం డిపోయేనని జీవితమంతా చెప్పుకున్న మనిషి, అమెరికా కారును చూడగానే ఇనుమును పొగడడం ఏమిటి?

నా మాట ముందే చెప్పేస్తాను. యాభై ఏళ్ళు దాటినా చెక్కుచెదరకుండా వీధిలో తిరిగే కారును చూస్తే, నాకు దాన్ని తయారుచేసిన కంపెనీ మీద గౌరవం పెరగదు. చూసుకున్న మనిషి మీద పెరుగుతుంది. మనం పొగడ్తను తప్పు చిరునామాకు పంపుతున్నాం.

ముందు కారు సంగతి. లేత ఆకుపచ్చ రంగు, నాలుగు తలుపులు, ఆడంబరమేమీ లేని సంసారపక్షపు బండి. ముందు, వెనక మడ్‌గార్డుల పక్కన చిన్న గుండ్రటి దీపాలున్నాయి కాబట్టి 1968 మోడల్ అని తెలిసింది. 1967 దానికి అవి ఉండవు, 1969 దానికి పలకలుగా ఉంటాయి. బానెట్ ముందు అంచు మీద రంగు పలచబడి లోపలి ప్రైమర్ బూడిదరంగులో కనబడుతోంది. కొత్తగా రంగు వేసిన కారుకు అలా ఉండదు. ఏళ్ళ తరబడి ఒకే చోట గుడ్డతో రుద్దితేనే అంచుల్లో రంగు అలా అరుగుతుంది. డ్రైవరు వైపు సీటు రెక్సిన్ ఒకచోట చిరిగితే దారంతో కుట్టి ఉంది, ఆ దారం రంగు కలవలేదు. అద్దంలోంచి డాష్‌బోర్డు మీది నంబరు పలక చదివితే మొదటి అక్షరాలు వి-ఎల్-41-బి-8-బి. చివరి బి అంటే, ప్లిమత్ కార్లు తయారుచేసిన క్రైస్లర్ కంపెనీకి డెట్రాయిట్‌ను ఆనుకున్న హామ్‌ట్రామిక్‌లో ఉండిన ఫ్యాక్టరీ, అందరూ డాడ్జ్ మెయిన్ అని పిలిచేది. నేను నిలబడ్డ చోటికి అరగంట దూరంలో పుట్టిన కారన్నమాట.

ఐదంకెల మీటరు

మామయ్యకు నేను పంపిన మొదటి జవాబు ఆ కారు మీటరు గురించే. ఎన్ని మైళ్ళు తిరిగిందో చూపే ఆ మీటరులో మైళ్ళకు ఐదు అంకెలే ఉన్నాయి. 99,999 దాటితే మళ్ళీ సున్నా. అప్పటి అమెరికా కార్లలో చాలావాటికి అంతే. ఆరో అంకెకు చోటు అవసరమని తయారీదారులకు తోచలేదు, ఎందుకంటే లక్ష మైళ్ళు నడిచే కారు అప్పట్లో విశేషం. ఇప్పుడు లక్ష మైళ్ళ దగ్గర కారు అమ్మితే కొనేవాడు "ఇంకా చాలా నడుస్తుంది" అనుకుంటాడు.

1970 ప్రాంతంలో అమెరికా రోడ్ల మీద తిరిగే కార్ల సగటు వయసు ఆరేళ్ళు కూడా లేదు. ఇప్పుడది పన్నెండు దాటింది. ప్రజలకు కొత్త కారు కొనే స్తోమత తగ్గడం కూడా ఒక కారణమే, కాదనను. కానీ పన్నెండేళ్ళు నడిచే కారు ఉంటేనే కదా ఎవరైనా దాన్ని ఉంచుకునేది.

తుప్పు సంగతి ఇక్కడ మంచుకాలం గడిపినవాళ్ళకు చెప్పనక్కరలేదు. డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. ఆ ఉప్పే మంచు కరగడానికి రోడ్ల మీదికి వస్తుంది. ఆ బురద చక్రాల కింద ఎగిరి తలుపుల దిగువ అంచుల్లో, మడ్‌గార్డుల మడతల్లో చేరి కూర్చుంటుంది. 1968 నాటి రేకుకు ఇప్పటిలా జింకు పూత లేదు. మందంగా ఉన్నమాట నిజమే, అయితే తుప్పుకు మందం పెద్ద అడ్డు కాదు. ఐదారు చలికాలాల్లో చిల్లులు పడిన కార్లు ఇక్కడివాళ్ళ జ్ఞాపకాల్లో కొల్లలు.

ఆ ఏడాది తయారైన వాలియంట్లు లక్షకు అటూఇటూగా ఉంటాయి. మిగతావన్నీ ఎక్కడున్నాయి? ఎప్పుడో నలిగి, కరిగి, మరేవో వస్తువులై ఉంటాయి. అవి వీధిలోకి వచ్చి తమ కథ చెప్పుకోలేవు. మిగిలిన ఒక్కదాన్ని చూసి "అప్పటివన్నీ ఇలాగే ఉండేవి" అనుకోవడం తొంభై ఏళ్ళ తాతగారిని చూసి అప్పట్లో అందరూ నూరేళ్ళు బతికేవారని అనుకోవడమే.

ఇక తయారుచేసిన చేతుల గురించి. పాత వస్తువును చూడగానే మన ఊహలో ఒక శ్రద్ధగల పనివాడు మెదులుతాడు. డాడ్జ్ మెయిన్‌లో 1968 మే నెలలో జరిగింది వేరు. అసెంబ్లీ లైను వేగం పెంచారని కార్మికులు పని ఆపేశారు. ఆ సమ్మెకు శిక్షలు నల్లజాతి కార్మికుల మీదే ఎక్కువగా పడ్డాయని అక్కడ డ్రమ్ అనే సంఘం పుట్టింది. అలసిపోయి, కోపంతో ఉన్న మనుషులు గడియారంతో పరుగు పెడుతూ బిగించిన నట్లు అవి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, తరవాత నేలమట్టమైంది. చుట్టుపక్కల పోల్‌టౌన్ అనే పేట ఇళ్ళతో సహా ఖాళీ చేయించి అక్కడ జనరల్ మోటార్స్ మరో ఫ్యాక్టరీ కట్టింది. కారు ఉంది, అది పుట్టిన ఇల్లు లేదు.

యజమాని చెప్పింది

దుకాణంలోంచి ఒక పెద్దాయన ప్లంబింగ్ సామాను సంచితో బయటికి వచ్చాడు. ఎనభైకి దగ్గరపడి ఉంటాడు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూడడం ఆయనకు కొత్త కాదనుకుంటాను, నవ్వి తలుపు తెరిచి చూపించాడు. ఆ కారు ఆయన తండ్రి కొన్నది. ఈయన ఫ్యాక్టరీలకు అచ్చులు తయారుచేసే పనిలో ఉండి రిటైరయ్యాడు.

"మీకు పాత కార్లంటే చాలా ఇష్టమా?" అని అడిగాను.

"ఇష్టమేమీ లేదు. కొత్త కారు బేరమాడడమంటే నాకు చిరాకు" అన్నాడు.

నాకు ఈ జవాబు భలే నచ్చింది. మనం శ్రద్ధకు ఎప్పుడూ ప్రేమ అనే కారణం వెతుకుతాం. చాలాచోట్ల అసలు కారణం పొదుపు, మొండితనం, అలవాటు. ఆయన చేసేదంతా అడిగి తెలుసుకున్నాను. మొదటి ఉప్పు పడగానే బండి గ్యారేజీలోకి పోతుంది, వసంతంలో రెండు మూడు పెద్ద వానలు రోడ్లు కడిగాక గానీ బయటికి రాదు. చలికాలానికి ఆయన దగ్గర వేరే చవక కారు ఉంది. తుప్పు పట్టేదేదో అదే పడుతుంది. ఏటా శరదృతువులో వాలియంట్ కింద, తలుపుల లోపల నూనె కొడతాడు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య ఖాళీని ఫీలర్ గేజి అనే పలుచని కొలరేకు పెట్టి 0.020 అంగుళానికి సరిచేస్తాడు. గ్లవ్ బాక్సులో రెండు బలాస్ట్ రెసిస్టర్లు, అంటే ఇగ్నిషన్‌కు వెళ్ళే కరెంటును అదుపుచేసేవి, ఉన్నాయి. పింగాణీ ముక్కలా ఉండే ఆ చిన్న వస్తువు కాలిపోతే ఇంజను పట్టుకున్నట్టే పట్టుకుని, తాళం చెవి వదలగానే ఆగిపోతుంది. క్రైస్లర్ కార్లున్నవాళ్ళు దాన్ని జేబురుమాలులా దగ్గర పెట్టుకుంటారు.

ఇంకో సంగతి చెప్పాడు, అది మామయ్యకు వెంటనే పంపాను. ఆ కారుకు డ్రైవరు వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. అంటే కుడికి తిప్పితే ఊడతాయి, ఎడమకు తిప్పితే బిగుస్తాయి. చక్రం తిరిగే దిశ వల్ల నట్లు వదులవకూడదని క్రైస్లర్ అలా చేసేది. తెలియని టైర్ల షాపు కుర్రాడు గాలి మిషన్ పెట్టి మామూలుగా తిప్పితే నట్టు ఎక్కే స్టడ్డు విరుగుతుంది. ఒక షాపులో అలా రెండు విరిచారట. అప్పటినుంచి చక్రాలు ఇంట్లో తనే ఊడదీసి, వాటిని మాత్రమే షాపుకు తీసుకువెళతాడు.

ఈ పనుల్లో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. కాకపోతే ఏ ఒక్కటీ మానకూడదు, అదీ యాభై ఏళ్ళకు పైగా. ఇందులో క్రైస్లర్ కంపెనీ చేసిన పని ఎంత?

మామయ్య వాదనలో పస

మామయ్య ఊరుకుంటాడా! పొద్దున్నే జవాబు వచ్చింది: "చూసుకోవడానికి పనికొచ్చే వస్తువైతేనే కదరా చూసుకునేది? డిపోలో మేము ఎంత చూసినా బాగుపడని బండ్లు ఉండేవి. మంచి చాసిస్ ఇచ్చి మమ్మల్ని చూసుకోమంటే చూశాం."

ఇది గట్టి మాటే. దీన్ని దాటవేసి ముందుకుపోతే నా వాదనకు విలువ లేదు.

వాలియంట్ ఇంజను పేరు స్లాంట్ సిక్స్. ఆరు సిలిండర్లు నిలువుగా కాక 30 డిగ్రీలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. బానెట్ ఎత్తు తగ్గించడానికి అలా ఒరగబెట్టారు. దాంతో రెండో వైపు ఖాళీ దొరికి, చేతికి అందేంత చోటు మిగిలింది. పెద్దాయన బానెట్ ఎత్తితే ఇంజను పక్కన కింది నేల కనబడింది. నా కారు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనబడుతుంది, దాని మీద కంపెనీ గుర్తు. ఆ ఇంజను మొండిదని అమెరికా అంతటా పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు.

ఇక్కడ మామయ్య ఇనుముకు అనుకూలంగా నేనే ఒక సాక్ష్యం చెప్పాలి. స్లాంట్ సిక్స్‌ను రూపొందించినప్పుడు దాని బ్లాకును, అంటే సిలిండర్లుండే దిమ్మెను, అల్యూమినియంతో కూడా పోత పోయాలని అనుకున్నారు. 1960ల తొలి ఏళ్ళలో కొన్ని అలా పోశారు కూడా. అల్యూమినియం మెత్తన కాబట్టి గోడలు దళసరిగా గీశారు. తరవాత దాదాపు అన్నీ ఇనుముతోనే వచ్చాయి, దళసరి మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ఈ ఒక్క ఇంజను విషయంలో "అప్పటి ఇనుము" అన్న మాటకు ఆధారం ఉంది. కానీ అది ఎవరో మూడు తరాలు నిలవాలని సంకల్పించి చేసింది కాదు, మానుకున్న ఒక ఆలోచన మిగిల్చి వెళ్ళిన లాభం.

పైగా అదే కంపెనీ 1976లో వాలియంట్, దాని తోబుట్టువు డాడ్జ్ డార్ట్‌ల స్థానంలో వొలారే, ఆస్పెన్ అనే కార్లు తెచ్చింది. ఇంజను అదే స్లాంట్ సిక్స్. ముందు మడ్‌గార్డులు కొన్నాళ్ళకే తుప్పు పట్టి, కంపెనీ వెనక్కి పిలిచి మార్చవలసి వచ్చింది. "అప్పటి" అంటే ఎప్పటిదాకా మామయ్యా? ఎనిమిదేళ్ళలో ఇనుము జాతి మారిపోయిందా?

ఆయన ప్రశ్నలో ఇంకొక ముల్లు ఉంది, అది నన్ను ఇంకా గుచ్చుతోంది. ఈనాటి కారు దానంతట అదే ఎక్కువ కాలం నడుస్తుంది. నూనె మార్చడం తప్ప యజమానికి దాదాపు పని లేదు. కానీ పదిహేనో ఏటనో ఇరవయ్యో ఏటనో ఏదో ఎలక్ట్రానిక్ పెట్టె చెడుతుంది, కంపెనీ దాన్ని తయారుచేయడం మానేసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ లేకుండా పాతది పెట్టినా పనిచేయదు. అప్పుడు ఎంత ఓపికగల మనిషైనా చేయగలిగింది లేదు. 1968 కారు యజమాని దగ్గర చాలా అడిగింది, కానీ అడిగింది ఇస్తే బతికింది. నేను పొగిడే మనిషి ఇకముందు పుట్టడానికి వీలుందా అన్నది నాకు తేలని సందేహం.

మా పాపను ఎక్కిస్తానా?

పెద్దాయన "ఒక రౌండు వేద్దామా?" అని అడిగాడు. నేను ఎక్కాను. స్టార్టరు మోటారు గొంతు చించుకున్నట్టు ఒక వింత అరుపు అరిచింది, క్రైస్లర్ పాత కార్లలో చాలావాటిదీ అదే అరుపు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఆపడానికి ఆయన చాలా ముందునుంచే ఆలోచించడం గమనించాను. మా పాప వెంట ఉంటే ఎక్కించేవాణ్ణా? లేదు.

2009లో అమెరికా బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ తన యాభై ఏళ్ళ పండుగకు ఒక పరీక్ష చేసింది. 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 షెవర్లే మాలిబును గంటకు 40 మైళ్ళ వేగంతో ఒకదానికొకటి ఎదురుగా గుద్దించింది. మాలిబులో మనిషికి బదులు కూర్చోబెట్టిన బొమ్మకు కాలి దగ్గర కొద్దిపాటి దెబ్బ. బెల్ ఎయిర్ క్యాబిన్ మడతపడిపోయింది, లోపల మనిషే ఉంటే బతికేవాడు కాదు. ఆ బరువైన ఇనుమంతా తనను తాను కూడా కాపాడుకోలేకపోయింది. 1968లో అమెరికా రోడ్ల మీద వాహనాలు నడిచిన ప్రతి 10 కోట్ల మైళ్ళకు ఐదుగురికి పైగా చనిపోయేవారు, ఇప్పుడు ఆ సంఖ్య 1.2కు అటూఇటూగా ఉంది. రేకు డబ్బా అని మనం వెక్కిరించేది నలగడానికే తయారైంది. అది నలిగితే మనిషి నలగడు.

పొగ సంగతీ ఉంది. పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్లు 1975 మోడళ్ళతో గానీ రాలేదు. వాలియంట్ వెనక నిలబడితే ముక్కుకే తెలుస్తుంది. ఇలాంటి కార్లు కొద్ది, అవి తిరిగే మైళ్ళు ఇంకా కొద్ది అని సర్దిచెప్పుకోవచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకుంటాను. కానీ "అప్పటివే మంచివి" అనేవాళ్ళు ఈ రెండు లెక్కలూ బల్ల మీద పెట్టి ఆ మాట అనాలి.

ఆగస్టు నెల బండి

మా మిషిగన్ రాష్ట్రంలో 26 ఏళ్ళు నిండిన కారుకు చారిత్రక వాహనం ప్లేటు చవకగా ఇస్తారు. షరతు ఏమిటంటే, దాన్ని ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్బు యాత్రలకే తీయాలి. ఆగస్టు నెలలో మాత్రం ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవచ్చు. ఆ నెలలో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద, 1995 నుంచి, పాత కార్ల మహా ఊరేగింపు జరుగుతుంది. జనం మడత కుర్చీలు వేసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. నేనూ వెళతాను. అక్కడి కార్లలో చాలావాటికి బోల్టు బోల్టూ విప్పి, ఫ్యాక్టరీలో కూడా ఎన్నడూ లేనంత నున్నగా రంగు వేయించి ఉంటారు. కొన్ని ట్రైలరు మీద వచ్చి ట్రైలరు మీదే వెళతాయి. చూడముచ్చటగానే ఉంటాయి, కానీ వాటి మీద ఎవరూ బతికిన గుర్తులుండవు.

మన దేశంలోనూ 2021లో కేంద్రం ఇలాంటి నిబంధనే తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్, నంబరులో వి-ఎ అక్షరాలు, కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ వాడకానికి రోడ్డెక్కకూడదు.

ఇలాంటి షరతుల వెనక భద్రత, కాలుష్యం ఉన్నాయని నాకు తెలుసు, ఇప్పుడే వాటి గురించి రాశాను కూడా. అయినా నాకు ఈ ఏర్పాటు రుచించదు. పెద్దాయన మామూలు ప్లేటే ఉంచుకుని, మామూలు రుసుమే కడుతున్నాడు. ఎందుకంటే ఆయనకు ఏప్రిల్‌లో కుళాయి వాషరు కావలసి రావచ్చు. కార్బురేటరు గిన్నెలో పెట్రోలు నెలల తరబడి నిలిస్తే జిగురవుతుంది, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. తిరగని బండి పాడవుతుందని మామయ్య డిపోలో ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పేవాడట. ఈ ఒక్క విషయంలో మేమిద్దరం వెంటనే ఒక్కటయ్యాం.

ఒకటే లైను, రెండు ధరలు

చివరికి మామయ్య ముందు పెట్టిన ఉదాహరణ ప్లిమత్ బారకూడా. 1968 బారకూడాకూ వాలియంట్‌కూ అడుగుభాగం ఒకటే, ముందు సస్పెన్షన్ ఒకటే, కొన్నిటికి ఇంజను కూడా అదే స్లాంట్ సిక్స్. ఇనుము ఒకటే అన్నమాట. తేడా అల్లా రెండు తలుపులు, ఏటవాలు వెనక అద్దం, కాస్త కుర్రకారు పేరు. ఇవాళ బారకూడాకు పలికే ధరలో నాలుగు తలుపుల వాలియంట్‌కు చిన్న భాగమే వస్తుంది. అందుకని బారకూడాలను జనం దాచుకున్నారు, తుప్పు పట్టినవాటికి కూడా కొత్త రేకు అతికి నిలబెట్టారు. వాలియంట్లను ఏం చేశారు? వాటి భాగాలు ఊడదీసి బారకూడాలకు బిగించారు. ఇప్పటికీ బిగిస్తున్నారు. ఏది నిలవాలో ఇనుము తేల్చలేదు.

దీనికి మామయ్య ఇంకా జవాబు రాయలేదు. ఇంజను ఫోటో మాత్రం దగ్గరనుంచి తీసి పంపమన్నాడు.

పెద్దాయన కారు వైపరు కింద అప్పుడప్పుడు చీటీలు దొరుకుతాయట. "అమ్ముతారా?" అని కాదు, "ముందు టోర్షన్ బార్లు అమ్ముతారా?", "స్టీరింగు కాలమ్ ఇస్తారా?" అని. ఒకాయనైతే ముందు సీటు ఒక్కటి చాలన్నాడట, ఫోన్ నంబరు కూడా రాసి. ఈయన ఫోన్ చేసి, "అందులో నేను కూర్చుంటున్నానండీ" అని పెట్టేశాడు.